చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయితే కాన్పు సిజేరియనేనా?

కొత్తచిగురు: చిన్నప్పుడు నాకు టెట్రాలజీ ఆఫ్ ఫాలోకి (పుట్టుకతో వచ్చే గుండె లోపం) ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఐదో నెల. గుండె డాక్టరు నార్మల్‌కే చూద్దామంటున్నారు, అత్తయ్య సిజేరియనే అని పట్టుబట్టారు. ఎవరి మాట వినాలి?

పాతకాపు: మీ అత్తగారి మాటే. ఒకసారి కోసి కుట్టిన గుండె అండీ! గంటలకొద్దీ నొప్పులు తట్టుకుంటుందా?

నిమ్మళం: సిజేరియన్‌లో రక్తం ఎక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్, కాళ్లలో గడ్డల భయం. అందుకే గుండె జబ్బున్నా చాలామందికి నార్మలే మేలంటారు. ఎపిడ్యూరల్ (నడుం దగ్గర వెన్నులోకి ఇచ్చే మత్తుమందు) ఇచ్చి నొప్పి తగ్గిస్తారు. చివర్లో ముక్కే శ్రమ లేకుండా బిడ్డను బయటికి లాగడానికి వ్యాక్యూమో ఫోర్‌సెప్సో (పట్టకారు) పెడతారు. అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) బాగా ఉబ్బితేనో, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) మీద ఉండగా నొప్పులొస్తేనో అప్పుడు కోత. కొత్తచిగురు గారూ, పల్మనరీ వాల్వు (గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారిలోని కవాటం) లీకు ఎంతుందో అడిగారా? ఒంట్లో రక్తం 40–50 శాతం పెరుగుతుంది. 28–32 వారాలప్పుడు, కాన్పయిన మొదటి రెండు రోజులు గుండెకి బరువెక్కువ.

పాతకాపు: ఎపిడ్యూరలా! మా బంధువుకి ఏడాది నడుం నొప్పి.

నిమ్మళం: రామాయణంలో పిడకలవేట.

ఇద్దరుపిల్లలమ్మ: నాకు ఏఎస్‌డీ (గుండె పై గదుల మధ్య రంధ్రం) మూశారు. రెండూ నార్మలే. ఊరికే భయపెడతారు.

నిమ్మళం: మూసేసిన ఏఎస్‌డీకీ, ఒకే పంపు గదితో నడిచేలా ఆపరేషన్ చేసిన ఫాంటాన్ గుండెకీ పోలికా? పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ) ఉంటే అసలు గర్భమే వద్దంటారు.

పాతకాపు: అదీ, వద్దనాలి! నా కూతురికి మెటల్ వాల్వు, రోజూ వార్ఫరిన్. థియేటర్ బయట కూర్చున్నవాణ్ణి నేను. ఇప్పుడు నెల తప్పాక చెబుతోంది. ఒక్క మాట అడగలేదు.

నిమ్మళం: మీ బాధ సిజేరియన్ గురించి కాదన్నమాట. నాదీ ఆపరేషనైన గుండే. పెళ్లయ్యేదాకా డాక్టరుతో మా నాన్నే మాట్లాడేవారు. నన్ను బయట కూర్చోబెట్టేవారు. నాకేం చేశారో నాకే తెలియదు. మీ అమ్మాయి అడగకపోవడానికి కారణం అదేనేమో.

పాతకాపు: కన్నవాళ్లకి ఆ మాత్రం హక్కు లేదా?

నిమ్మళం: హక్కు సంగతి తర్వాత. ఎన్నో వారం? 6–12 వారాల మధ్య వార్ఫరిన్ బిడ్డకి ప్రమాదం, మోతాదు 5 మి.గ్రా. దాటితే మరీను. అలాగని సొంతంగా ఆపితే వాల్వు మీద గడ్డ కడుతుంది. ఈరోజే గుండె డాక్టరుతో మాట్లాడమనండి.

కొత్తచిగురు: నా ప్రశ్న ఎటో పోయింది. బిడ్డ గుండె స్కాన్ ఇప్పుడే తీయించాలా?

నిమ్మళం: అవును, 18–22 వారాల మధ్య.

పాతకాపు: ఏడో వారం. ఫోన్ చేస్తున్నా.

నిమ్మళం: మీరు కాదు, అమ్మాయి చేయాలి.

పాతకాపు: సరే, దాని చేతే చేయిస్తా. సిజేరియన్ మాత్రం నేనడుగుతా.