నల్ల వైరు న్యూట్రలా, ఫేజా? పాత పవర్ సప్లైకి కొత్త కార్డు

ప్రశ్న: డైపోల్_కొత్త

నా హామ్ రేడియో సెట్ (రిగ్) కోసం, అమెరికాలో తయారైన పాత 13.8 వోల్టుల లీనియర్ పవర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే రకం) ఒకటి ఉంది. దాని కార్డులో నలుపు, తెలుపు, ఆకుపచ్చ. గోడ సాకెట్ వెనక ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. మార్చడానికి తెచ్చిన త్రీ-కోర్ కార్డులో గోధుమ, నీలం, పచ్చ-పసుపు చారలు. నలుపుకు నలుపు కలిపితే సరిపోతుందా? ఇంకొకటి: ఇప్పుడు వాడుతున్న ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) బాడీకి చెయ్యి తగిలితే జివ్వుమంటోంది, ఆడియోలో హమ్ కూడా వస్తోంది. ఎర్త్ పిన్ పీకేస్తే హమ్ పోతుందంటున్నారు. పీకేయొచ్చా?

జవాబు: ఫ్యూజ్_హోల్డర్

నలుపుకు నలుపు కలపకండి. అమెరికా కార్డులో నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్. మీ గోడలో నలుపు న్యూట్రల్, ఎరుపు ఫేజ్. కొత్త కార్డువి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) రంగులు: గోధుమ ఫేజ్, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు ఎర్త్. అదే నలుపు డీసీ వైపు మైనస్. జర్మనీ పాత సెట్లలో ఎరుపు వైరు ఎర్త్‌గా కనిపిస్తుంది, అదింకా ఘోరం. పాత త్రీఫేజ్ వైరింగ్‌లో నీలం కూడా ఫేజే.

పాత కార్డును మధ్యలో అతకడం కాదు, పూర్తిగా తీసేసి కొత్తది లోపలి దాకా వేయండి. గోధుమ వైరు ఫ్యూజ్ హోల్డర్ వెనక కొసన ఉన్న టెర్మినల్‌కి వెళ్ళాలి, పక్క టెర్మినల్‌కి కాదు. లేకపోతే ఫ్యూజ్ మార్చేటప్పుడు వేలికి అందే చోటే కరెంటు ఉంటుంది. అక్కడి నుంచి స్విచ్, స్విచ్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్. నీలం నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి. పచ్చ-పసుపుకి రింగ్ లగ్ (బోల్టు దూరే ఉంగరం లాంటి కొస) వేసి, పెయింట్ గీకిన చాసిస్ (లోహపు పెట్టె) మీద స్టార్ వాషర్‌తో ఒక్కదాన్నే బిగించండి. ఆ బోల్టు ఇంకే పనికీ వాడొద్దు.

120 వోల్టుల నుంచి 230కి జంపర్లు (లోపల వోల్టేజిని ఎంచే లింకులు) మారిస్తే ఫ్యూజ్ కూడా సగానికి తగ్గాలి: 6 ఆంపియర్లది ఉంటే 3 ఆంపియర్లది. దీన్ని చాలామంది మర్చిపోతారు. లేబుల్ మీద 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో కూడా చూడండి. 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద కోర్ సాచురేట్ అయి (ఇనుప కోర్ అయస్కాంతంగా నిండిపోయి) వేడెక్కుతుంది.

జవాబు: క్రింప్_టూల్

ప్లగ్ సంగతి. మనవాళ్ళకు చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే ఆగదు, వైరు కొసలకు సోల్డర్ పట్టించి స్క్రూ కింద బిగిస్తారు. సోల్డర్ మెత్తన. ఒత్తిడికి మెల్లగా జరిగిపోతుంది, స్క్రూ వదులవుతుంది, అక్కడ వేడి పుడుతుంది. కొన్ని నెలలకు ప్లగ్ లోపల గోధుమరంగు మరక కనిపిస్తే కారణం ఇదే. ఫెర్రూల్ (పోగుల కొసకు తొడిగే చిన్న లోహపు గొట్టం) క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి, లేదా పోగులు మెలిపెట్టి అలాగే బిగించండి. ఎర్త్ వైరును మిగతా రెండింటికంటే కొంచెం పొడుగ్గా వదలండి. కార్డు లాగినా అది చివర్న తెగాలి. క్లాంప్ పట్టాల్సింది బయటి తొడుగును, లోపలి వైర్లను కాదు.

గోడకు పెట్టకముందే మీటర్‌తో చూడండి: ఎర్త్ పిన్ నుంచి చాసిస్‌కి 0.5 ఓమ్ లోపు (ముందు ప్రోబ్‌లు రెండూ కలిపి వచ్చే విలువ తీసేయండి). ఫ్యూజ్ తీసి, స్విచ్ ఆన్‌లో పెట్టి, ఫేజ్ పిన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి దారి తెగిందో లేదో చూడండి. తెగకపోతే ఫ్యూజ్ న్యూట్రల్‌లో పడినట్టే.

ఎర్త్ పిన్ మాత్రం ముట్టుకోవద్దు. హమ్ కావాలంటే కంప్యూటర్‌కీ రిగ్‌కీ మధ్య ఆడియో లైన్‌లో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఆర్‌ఎఫ్ (ట్రాన్స్‌మిట్ చేసే రేడియో తరంగాల కరెంటు) కార్డు మీదుగా తిరిగి వస్తుంటే మూడు వైర్లున్న కార్డునే మొత్తంగా 31 మిక్స్ టొరాయిడ్ (ఆ రకం ఫెర్రైట్ ఉంగరం) మీద 8-10 చుట్లు తిప్పండి. రెండూ ఎర్త్ తెంపకుండా అయ్యే పనులే.

డైపోల్_కొత్త:

హమ్ కావాలనా, పోవాలనా :) సాకెట్ దగ్గర, ఎస్‌ఎంపీఎస్ పెట్టి ఉండగా కొలిచాను. ఫేజ్-న్యూట్రల్ 231, ఫేజ్-ఎర్త్ 119, న్యూట్రల్-ఎర్త్ 112.

క్రింప్_టూల్:

పోవాలనే, టైపింగ్ తప్పు.

జవాబు: ఫ్యూజ్_హోల్డర్

ఆ అంకెలతో విషయం తేలిపోయింది. మీ సాకెట్‌కి ఎర్త్ అందడం లేదు. బాగుంటే ఫేజ్-ఎర్త్ కూడా 230 దగ్గర, న్యూట్రల్-ఎర్త్ ఒకటి రెండు వోల్టులు వచ్చేది. ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి చాసిస్‌కి ఒకటి, న్యూట్రల్ నుంచి చాసిస్‌కి ఒకటి వై-కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తెగితే వాటి మధ్య చాసిస్ సగం వోల్టేజిలో వేలాడుతుంది. 4.7 నానోఫారడ్ అయితే 50 హెర్ట్జ్ దగ్గర ఒంట్లోకి వచ్చేది సుమారు 0.34 మిల్లీఆంపియర్. జివ్వుమనేది అదే. దానంతట అది చంపదు గానీ, ఆ కెపాసిటర్ షార్ట్ అయితే చాసిస్ మీద, కోక్స్ షీల్డ్ (యాంటెన్నా కేబుల్ బయటి జాలీ) మీద, బయట యాంటెన్నా మీద పూర్తి 230 నిలబడుతుంది.

బయట యాంటెన్నా కోసం భూమిలో పాతిన ఎర్త్ రాడ్‌కి రిగ్‌ని కట్టేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. రాడ్ నిరోధం 50 ఓమ్‌లు ఉందనుకుంటే ఫాల్ట్ కరెంటు 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు, చాసిస్ కరెంటుతోనే ఉండిపోతుంది. ఆ సాకెట్ ఎర్త్ వైరు ఎక్కడ తెగిందో ఎలక్ట్రీషియన్ చేత వెతికించి, లూప్ ఇంపెడెన్స్ (ఫాల్ట్ కరెంటు తిరిగే దారి మొత్తం నిరోధం) కొలిపించండి. ఆ లైన్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే లైన్ తెంపే స్విచ్) పెట్టించండి. యాంటెన్నా రాడ్‌ని ఇంటి మెయిన్ ఎర్త్ టెర్మినల్‌తో ఎలా కలపాలో కూడా ఆయన్నే అడగండి, సరఫరా రకాన్ని బట్టి అది మారుతుంది. అప్పటిదాకా ఎస్‌ఎంపీఎస్ ప్లగ్ తీసే ఉంచండి.