కంభం చెరువులో పిల్లలకు ఈత నేర్పడానికి వేసవి సెలవులు మంచివా, సంక్రాంతి సెలవులు మంచివా?

తూముకాడ: సంక్రాంతికి పిల్లలిద్దరినీ తీసుకుని కంభం వస్తున్నాము. చెరువు నిండుగా ఉందని విని ఈత నేర్పుదామని అనుకున్నాను. అయితే జనవరి నీళ్ళు పిల్లలకు పడవని, మే నెల దాకా ఆగమని మా మామగారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లెక్కల మాస్టారు: మీ మామగారి మాటే సరైనది. నిశ్చలమైన గాలి కంటే నీరు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కనుక, గాలిలో హాయిగా అనిపించే 24 డిగ్రీలే నీటిలో పిల్లవాడిని కొద్దిసేపట్లో వణికిస్తాయి. బరువుతో పోలిస్తే పిల్లల చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వారు పెద్దల కంటే త్వరగా చల్లబడతారు, వణుకుతున్న పిల్లవాడికి కాళ్ళు చేతులు ఆడించడం ఎవరూ నేర్పలేరు. ఏప్రిల్, మే నెలల్లో ఆ బాధ ఉండదు. మా తరమంతా సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని వేసవిలోనే నేర్చుకున్నాము.

గుండ్లకమ్మ గట్టు: మాస్టారు గారు, మీ తరం నాటి మే నెల వేరు. కరువు ఏళ్ళలో ఈ చెరువు అడుగంటుతుంది, మంచి ఏళ్ళలో కూడా మే నాటికి ఆయకట్టుకు వదలగా మిగిలిన నీరు పలుచగా పరుచుకుని ఎండకు కాగిపోతుంది. సాగర, సరస్సు ఈత పోటీలకు ప్రపంచ ఈత సమాఖ్య 16 డిగ్రీల కనిష్ఠ పరిమితితో పాటు 31 డిగ్రీల గరిష్ఠ పరిమితి కూడా పెట్టింది. వేడి నీటిలో ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. 2010లో ఫుజైరాలో వేడి నీటి పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించిన తరువాతే ఆ గరిష్ఠ పరిమితి గురించి గట్టిగా ఆలోచించారు. మన మే నెల మధ్యాహ్నం ఒడ్డున నీరు 31 దాటదని మీరు చెప్పగలరా?

ఒంగోలు గిత్త: నేను సంక్రాంతికే నేర్చుకున్నాను. పళ్ళు టకటకలాడాయి, ఈత మాత్రం వచ్చింది.

లెక్కల మాస్టారు: ఆ 31 డిగ్రీలను ఎక్కడ కొలవాలో కూడా అదే నిబంధనలో ఉంది. పందెపు దారి నడుమ, 40 సెంటీమీటర్ల లోతున, పోటీకి రెండు గంటల ముందు కొలవాలి. మీరు ఒడ్డున మోకాలి లోతు నీటిని చూసి మాట్లాడుతున్నారు. పైగా ఆ నియమం కిలోమీటర్ల కొద్దీ శక్తినంతా పెట్టి ఈదేవారికే గాని, అరగంట కేరింతలు కొట్టే పిల్లలకు కాదు. ఉదయం ఆరు గంటలకు దిగితే మే నెలలోనూ చెరువు చల్లగానే ఉంటుంది.

గుండ్లకమ్మ గట్టు: పిల్లలు దిగేది ఒడ్డునే కనుక నేను ఒడ్డునే చూస్తాను. పందెపు దారి నడుమ అంటే మే నెలలో కొన్ని ఏళ్ళు బురదే ఉంటుంది, అక్కడ 40 సెంటీమీటర్ల లోతు ఎక్కడ దొరుకుతుంది? ఇక ఉదయం ఆరు అన్నారు కనుక ఒక మాట. నీరు నెమ్మదిగా కాగుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. అందుకే జనవరి తెల్లవారుజామున గాలి కంటే నీరే వెచ్చగా ఉండి చెరువు మీద ఆవిరి లేస్తుంది, మే ఉదయాన కూడా నిన్నటి వేడి ఇంకా మిగిలి ఉంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువే: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు పడిపోతుంది. దానికి ఎరువుల నీరు తోడైతే పచ్చటి నాచు తెట్టు కడుతుంది. బహిరంగ స్నానానికి పనికివచ్చే నీటిలో, మురికి కలిసిందని పట్టిచ్చే కోలిఫారం క్రిములు 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నియమం. నీరు తగ్గిన కొద్దీ మురికి చిక్కబడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

బేస్తవారిపేట నుంచి: 2024లో మే, జూలై నెలల మధ్య కేరళలో పిల్లలు అమీబా సోకి చనిపోయారు కదా. అది వెచ్చని మంచినీటిలోనే పెరుగుతుందట.

లెక్కల మాస్టారు: అది చాలా అరుదు. ముక్కులోకి నీరు ఎగబడితేనే సోకుతుంది, ముక్కుకు క్లిప్పు పెడితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. అరుదైన రోగాన్ని చూపి వేసవినంతా కొట్టిపారేయడం తగదు. అయినా అసలు సంగతి నాకు తెలుసు. వేసవిలో బయటి పిల్లలు చెరువుకు రావడం ఆయకట్టు వారికి ఇష్టం లేదు. నిరుడు మా మనవడు తువ్వాలు భుజాన వేసుకుని కట్ట ఎక్కగానే ఒక పెద్దమనిషి కర్ర పట్టుకుని తరిమాడు. ఆనాడు ఆయన చేతిలో థర్మామీటరు లేదు.

గుండ్లకమ్మ గట్టు: తరిమినది నేను కాదు, నేనున్నా తరిమేవాడినే. నీరు తగ్గినప్పుడు లోతట్టులో ట్రాక్టర్లు మట్టి తవ్వుకుపోతాయి. తరువాత ఒక వాన పడితే మోకాలి లోతు నీళ్ళ పక్కనే నిలువెత్తు గొయ్యి ఉంటుంది, బురద నీటిలో అది పైకి కనిపించదు. అలాంటి గొయ్యిలో నుంచి ఒక పిల్లవాడిని నేను, మరొకరు కలిసి బయటికి తీశాము, ప్రాణం లేదు. వాళ్ళ వాళ్ళు వచ్చి, మీ ఊరి చెరువు కదా, మీరెందుకు చూడలేదని మమ్మల్నే నిలదీశారు. మీరు డిగ్రీల గురించి వాదిస్తున్నారు గాని, పిల్లవాడు మునిగితే జవాబు చెప్పవలసింది ఎవరో చెప్పండి.

లెక్కల మాస్టారు: తవ్వినవారు చెప్పాలి. తవ్వనిచ్చినవారు చెప్పాలి. గోతులున్నాయని చెరువునే మూస్తే మా పిల్లలు ఈత రాకుండా పెరిగి, రేపు ఏ కాలువలోనో మునుగుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించిన చెరువు ఇది. ఇది ఆయకట్టుదారుల సొంత ఆస్తి కాదు.

పెన్నాతీరం: నెల్లూరులో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో వేలమంది దిగుతారు. అప్పుడు నీటిలో కంచె వేస్తారు, గజ ఈతగాళ్ళను పెడతారు. మిగిలిన రోజుల్లో ఆ ఒడ్డున ఎవరూ ఉండరు. కంభంలో మీరిద్దరూ అడగవలసింది ఆ కంచెను, ఆ మనుషులను కాదా?

గుండ్లకమ్మ గట్టు: అడిగాము. పండుగ ఉంటే చూద్దామన్నారు.

రెండు జడలు: ఇంతసేపూ మగపిల్లల గురించే మాట్లాడారు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. తడిబట్టలు మార్చుకోవడానికి కట్ట మీద నాలుగు తడికల గది లేదు. మాకు మే అయినా జనవరి అయినా ఒకటే.

తూముకాడ: నాకు కూడా ఒక అమ్మాయి ఉంది, ఆ సంగతి ఆలోచించలేదు. కారును అడ్డంగా పెట్టి దుప్పటి కడతాను. మధ్యాహ్నం పదకొండు దాటాక, ఎండ పట్టుకున్నాక, లైఫ్ జాకెట్లతో దింపుదామని అనుకుంటున్నాను.

గుండ్లకమ్మ గట్టు: తూము దగ్గరకు, అలుగు దగ్గరకు పోనివ్వకండి. తూము తెరిచి ఉంటే పైకి నిశ్చలంగా కనిపిస్తూనే అడుగున లాగేస్తుంది. వలలు వేసిన చోట జాలరులను అడిగి దిగండి, ఏ వైపు నేల వాలుగా ఉందో వారికి తెలుస్తుంది. ఒక్కొక్క పిల్లకు ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. పెదవులు నీలిరంగుకు తిరిగితే వెంటనే బయటికి తీయండి.

లెక్కల మాస్టారు: ఆ చివరి మాట నేను మొదటే చెప్పాను. తూముకాడ గారు, వెళ్ళేటప్పుడు థర్మామీటరు పట్టుకెళ్ళి 40 సెంటీమీటర్ల లోతున ఎంత ఉందో ఇక్కడ రాయండి. ఒడ్డున కాదు.