అప్‌డేట్: నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల పుస్తకం

అమెరికాలో వర్ణవివక్ష కాలం నాటి నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ల చరిత్ర మా ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుందా అని అడిగాను కదా. మీరు చెప్పిన బొమ్మల పుస్తకం తెప్పించాం. 1920లో రూబ్ ఫోస్టర్ నల్లజాతి ఆటగాళ్ల కోసం విడిగా లీగ్ పెట్టిన సంగతి పిల్ల చకచకా దాటేసింది. హోటళ్లు రానివ్వక ఆటగాళ్లు బస్సులోనే నిద్రపోయిన పేజీ దగ్గర మాత్రం ఆగిపోయింది. "డబ్బులిచ్చినా అన్నం పెట్టరా?" అని నన్ను నిలదీసింది.

నల్లజాతి లీగుల్లో మేటి బ్యాటర్ జాష్ గిబ్సన్ 1947 జనవరిలో చనిపోయాడు. అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అడుగుపెట్టి ఆ అడ్డుగోడ తొలగించింది ఆ ఏప్రిల్‌లోనే. ఆ మూడు నెలల తేడా నాకే మింగుడుపడలేదు. 2024లో నల్లజాతి లీగుల లెక్కలనూ మేజర్ లీగ్ అధికారిక రికార్డుల్లో కలిపాక బ్యాటింగ్ సగటులో (బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లు కొట్టారో చెప్పే లెక్క) గిబ్సన్‌దే (0.372) అగ్రస్థానం. చనిపోయిన 77 ఏళ్లకు!

ఇప్పుడు 42 ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌కు వచ్చిన నల్లజాతి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) శాచెల్ పేజ్ మీద విడిగా పుస్తకం కావాలట. తెలిస్తే చెప్పండి.