వెల్లుల్లి కారం ఆఫీసుకు తీసుకెళ్లడం తప్పా?

ఎర్రకారం:
మా ఆఫీసు వాట్సాప్ బృందంలో నిన్న ఒక సందేశం వచ్చింది. "ఘాటైన వాసన వచ్చే పదార్థాలు భోజనాల గదిలో తెరవవద్దని మనవి." పేరు రాయలేదు. రాయనక్కరలేదు కూడా, ఆ గదిలో వెల్లుల్లి కారం డబ్బా తెరిచేది నేనొక్కదాన్నే.

అది మా అమ్మ చేసి పంపే కారం. వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు, కాస్త చింతపండు రోట్లో మెత్తగా మెదిగాక చివర్లో వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి నాలుగు పోట్లు వేస్తుంది. పూర్తిగా నలగనివ్వదు. వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటే సగం చితికిన రెబ్బ అక్కడక్కడా పంటికి తగలాలి. ఆ మొదటి ముద్ద లేకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు. వాసన ఉంటుంది, సాయంత్రం దాకా ఉంటుంది, కాదనను. కానీ అన్నం తినడానికే కేటాయించిన గదిలో అన్నం వాసన రాకూడదంటే ఎలా? పక్క బల్ల మీద చేపల పులుసు తెరుస్తారు, ఇంకొకరు ఉడకబెట్టిన గుడ్లు తెస్తారు. నేనెప్పుడూ ముక్కు మూసుకోలేదు. మీరేమంటారు?

పక్కసీటు:
గదిలో తినేటప్పుడు వచ్చే వాసనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే. ఒంటిగంటకు తిని రెండింటికి సమావేశానికి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటారు. ఏసీ గది, కిటికీలు తెరుచుకోవు. నాకు మైగ్రేన్ ఉంది. కొందరికి అత్తరు వాసనతో మొదలవుతుంది, కొందరికి పెట్రోలుతో. నాకు వెల్లుల్లితో. మొదట ఎడమ కంటి వెనక నొప్పి, కాసేపటికి కంప్యూటర్ తెర వెలుతురు కూడా భరించలేను, ఆపైన వాంతులు. వెల్లుల్లి మానేయమని ఎవరికీ చెప్పను. రాత్రి ఇంట్లో తినండి, ఆదివారం తినండి. పనిదినాల్లో మధ్యాహ్నం ఒక్కపూట మానితే ఏం పోతుంది?

చద్దన్నం:
తిన్నాక పళ్లు తోముకుంటే సరిపోయేదానికి ఇంత చర్చ ఎందుకు?

ప్రయోగశాల:
సరిపోదు. ఇది చాలామంది పొరబడే విషయం కాబట్టి వివరంగా రాస్తాను.

రెబ్బ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు వెల్లుల్లికి పెద్దగా వాసన ఉండదు. లోపల అల్లీన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. కోసినా, దంచినా, నమిలినా రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. మనకు తెలిసిన ఘాటు అదే. నోట్లో మిగిలిన ముక్కల వాసన తోముకుంటే చాలావరకు పోతుంది. కానీ ఒంట్లోకి వెళ్లాక అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం తయారవుతుంది. శరీరం దాన్ని త్వరగా విడగొట్టలేదు. అది పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి, చెమటలోకి చేరుతుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ కాస్త కాస్త బయటికి వస్తుంది. కొందరిలో మర్నాటి దాకా ఉంటుంది. నోరు ఎంత శుభ్రంగా ఉన్నా ఊపిరితిత్తులను తోమలేం కదా.

దారి లేకపోలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2010లో పాలతో పరీక్షించారు. వెన్న తీయని పాలు బాగా పనిచేశాయి, అదీ తిన్న తర్వాత కాకుండా వెల్లుల్లితో పాటే తాగితే. పచ్చి ఆపిల్, పుదీనా ఆకులు కూడా ఘాటు తగ్గిస్తాయని తర్వాత తేల్చారు. 2023లో పెరుగు మీద చేసిన పరిశోధనలో పచ్చి వెల్లుల్లి ఘాటు దాదాపు అంతా అణగిపోయింది. భోజనం పెరుగన్నంతో ముగించే మనకు ఇంతకంటే సులువైన ఉపాయం ఏముంది? ఎర్రకారం గారు ఒక కప్పు గడ్డపెరుగు తింటే చాలు.

పక్కసీటు:
మీరు చెప్పిన ఆ పెరుగు పరిశోధన గాజుసీసాల్లో చేశారు, మనుషుల నోళ్లలో కాదు. సీసాలో వెల్లుల్లి వేసి, పెరుగు కలిపి, పైన చేరిన గాలిని కొలిచారు. సీసాకు రక్తం ఉండదు, చెమట పట్టదు. అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ రక్తంలోంచి వస్తుందని మీరే చెప్పి, దానికి పెరుగు మందని మీరే చెబితే ఎలా?

ప్రయోగశాల:
పాలతో చేసింది మనుషుల మీదే. ఊపిరిని కొలిచే చేశారు. రెండూ కలిపి చూడాలి.

పక్కసీటు:
కలిపి చూసే చెబుతున్నాను. తగ్గింది అన్నారు, పోయింది అనలేదు. నా తలనొప్పికి తగ్గిన వాసన చాలు.

ప్రయోగశాల:
ఎంత తగ్గితే మీకు నొప్పి రాదో చెప్పకుండా ఏ ఉపాయాన్నీ కొట్టిపారేయలేం.

ఆవఘాటు:
ఆవకాయలో వేసే రెబ్బలకు ఇంత బాధ లేదు. ఉప్పులో, నూనెలో, పులుపులో ఊరి మెత్తబడతాయి. చారులో రెబ్బలు నలపకుండా వేసి మరిగించినా అంతే. ఎర్రకారం గారి అమ్మగారిని రెబ్బలు నూనెలో వేయించి దంచమనండి. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది.

ఎర్రకారం:
వేయించి దంచితే అది వేరే కారం అవుతుంది. మా అమ్మ చేసేది పచ్చి రెబ్బతోనే. నేను అడిగింది కారం ఎలా చేయాలని కాదు.

గోదారిగట్టు:
మా వైపు బాలింతకు మొదటి ముద్ద వెల్లుల్లి కారంతోనే పెడతారు. పాలు పడతాయని, ఒళ్లు గట్టిపడుతుందని నమ్మకం. పురిటి గదిలో ఆ వాసన చూసి ముఖం చిట్లించినవారిని నేనెక్కడా చూడలేదు.

నిండుకుండ:
మా ఇంట్లో తరతరాలుగా వెల్లుల్లి వాడరు. పప్పులోకి, చారులోకి ఇంగువ చాలు. అలవాటు లేని ముక్కుకు ఆ వాసన ఎంత ఇబ్బందో తినేవారికి తెలియదు. బస్సులో పక్కన ఎవరైనా కూర్చుంటే నేను లేచి నిలబడతాను, వారినేమీ అనను. నాకు సాత్వికాహారం ముఖ్యం. కార్తిక మాసంలో వెల్లుల్లి మానేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ నెల్లాళ్లు మానగలిగినవారు, నలుగురూ కలిసి కూర్చునే చోట ఒక పూట మానలేరా? ఇందులో ఎవరినీ తక్కువ చేయడం లేదు.

ఎర్రకారం:
సాత్వికం అన్నారు కాబట్టి ఇక దాచుకోను.

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగాం. ఒక ఇంటివారు జీతం ఎంతని అడగలేదు, పిల్లలున్నారా అని అడగలేదు. "మీ వంటల్లో వెల్లుల్లి వాడతారా?" అన్నారు. వాడతామన్నాను. మరి మాంసం సంగతి అడగరేమని మా ఆయన అంటే, "ఇది చెబితే అది చెప్పినట్టే కదండీ" అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది. వారు అడిగింది వంట గురించి కాదు. మేమెవరమో అడిగారు. కులం పేరు నోటితో అడగకుండా పోపులోంచి పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత ఫోను చేస్తే, ఇల్లు వేరేవారికి ఇచ్చేశామన్నారు. అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు మాత్రం గేటుకు అలాగే వేలాడుతూ ఉంది.

ఇది ఈనాటి సంగతీ కాదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడనివాటిలో వెల్లుల్లి మొదటే ఉంటుంది. అయిదో శతాబ్దం తొలినాళ్లలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఉత్తర భారతంలోని మధ్యదేశంలో చండాలురు తప్ప ఎవరూ ఉల్లి, వెల్లుల్లి తినరని రాశాడు. ఆ చండాలురు ఊరి బయట ఉండేవారని, ఊళ్లోకి వస్తే కర్రతో చప్పుడు చేసి తాము వస్తున్నట్టు తెలియజేయాలని కూడా ఆయనే రాశాడు. తిండిని బట్టి మనిషిని ఊరవతల పెట్టిన దేశం ఇది. "ఘాటైన వాసన వచ్చే పదార్థాలు" అని పేరు లేకుండా ఒక సందేశం వస్తే నాకు ఆ ఇంటివారి నవ్వే వినిపిస్తుంది. చేపల పులుసుకు, గుడ్డుకు రాని సందేశం మా అమ్మ కారానికే ఎందుకు వచ్చింది?

నిండుకుండ:
మీకు ఇల్లు ఇవ్వనివారు తప్పు చేశారు. ఆ ఇంటివారిని నేను కాను. శాస్త్రాలు వెల్లుల్లిని నీచంగా చూశాయన్నది కూడా సగమే నిజం. ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో అది రాహువు తెగిన గొంతులోంచి జారిన అమృతపు బొట్ల నుంచి పుట్టిందని, రాక్షసుడి ఒంట్లోంచి వచ్చింది కాబట్టే ద్విజులు తినరని ఉంది. ఆ వెంటనే అది గొప్ప రసాయనమనీ, అంటే ఒంటికి బలమిచ్చే మందనీ ఉంది. మరో ఆయుర్వేద గ్రంథం కాశ్యపసంహితలో వెల్లుల్లికి ఒక అధ్యాయమే కేటాయించారు. 1890లో ఇప్పటి చైనాలోని కూచాలో దొరికిన పాత సంస్కృత వైద్యగ్రంథం, బోవర్ రాతప్రతి, వెల్లుల్లి గుణాలతోనే మొదలవుతుంది. మందుగా గౌరవించారు, రోజువారీ తిండిగా వద్దన్నారు. అందులో ద్వేషం ఎక్కడుంది?

ఎర్రకారం:
మందుగా వాడినప్పుడు లేని మైల అన్నంలోకి రాగానే ఎక్కడి నుంచి వచ్చింది? జబ్బు చేస్తే మా వెల్లుల్లి కావాలి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మా పొరుగు వద్దు.

ఎండమావి:
కర్ణాటకలో బడిపిల్లల మధ్యాహ్న భోజనం విషయంలో 2018-19లో జరిగిన గొడవ కూడా ఇదే. బడులకు భోజనం వండి పంపే అక్షయపాత్ర సంస్థ వారు ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతుంటే పిల్లలకు రుచించడం లేదని ఆహార హక్కు కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు.

నిండుకుండ:
హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ భోజనంలో పోషకాలు సరిగానే ఉన్నాయని చెప్పింది. అది కూడా రాయండి.

ఎండమావి:
పోషకాల సంగతి ఎవరడిగారు? రుచి సంగతి చెబుతున్నాను.

పక్కసీటు:
చర్చ ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూడండి. వెల్లుల్లి వాసన పడదన్నందుకు నన్ను తీసుకెళ్లి మనుస్మృతి పక్కన కూర్చోబెట్టారు. నేను వెల్లుల్లి తినే ఇంట్లో పుట్టాను. మా నాన్నకు ఇడ్లీలోకి కూడా వెల్లుల్లి కారమే కావాలి. చిన్నప్పుడు నేనూ తిన్నాను. ఇరవై దాటాక ఈ తలనొప్పి వచ్చింది, అప్పటి నుంచి ఆ వాసన తగిలితే పడిపోతాను.

మా అత్తగారింట్లో వెల్లుల్లి లేని కూర ఉండదు. పెళ్లయిన దగ్గర నుంచి రోజూ పొద్దున్నే కూర్చుని వెల్లుల్లి ఒలిచేది నేనే. ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్ల సందుల్లోంచి ఆ వాసన పోదు, ఆ చేత్తోనే తల పట్టుకుని పడుకుంటాను. వద్దు, నాకు పడదు అని చెబితే అత్తయ్య అన్నమాట, "అందరూ తింటున్నారు, నీకొక్కదానికేనా? సర్దుకోవాలి." మా ఆయనా అదే అన్నారు. నేను ఆఫీసుకు వెళ్లేది జీతం కోసమే కాదు, ఆ కొన్ని గంటలు తలనొప్పి లేకుండా ఊపిరి పీల్చుకోవడానికి. అక్కడ కూడా "అన్నం వాసన రాకూడదా, ఉండనివ్వండి" అంటే నాకు మా వంటిల్లే గుర్తొస్తుంది. ఎర్రకారం గారూ, మీకు ఇల్లు ఇవ్వనివారి మీద కోపం నా మీద తీర్చుకోకండి. మీరు "కాదనను" అని ఎంత తేలిగ్గా రాశారో ఆ మొదటి సందేశం మళ్లీ చదవండి.

గోదారిగట్టు:
పక్కసీటు గారూ, వెల్లుల్లి ఒలిచే పని మీ ఆయనకు అప్పగించండి. ఇంత చదువుకున్నవారు చేయలేని పనేమీ కాదు.

చద్దన్నం:
నీళ్లలో నానబెడితే పొట్టు తేలిగ్గా వస్తుంది, చేతులకు కూడా అంతగా అంటదు.

వేదిక నిర్వాహకులు:
ఒకరినొకరు ఉద్దేశాలు అంటగట్టుకోవద్దు. తొలగించవలసినంత మాట ఏదీ లేదు కాబట్టి అన్నీ ఉంచుతున్నాం.

ఎర్రకారం:
నా మొదటి సందేశంలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. కానీ పక్కసీటు గారికి ఒకటి చెప్పాలి. మీరు నన్ను అడిగిన తీరు వేరు, మా ఆఫీసులో అడిగిన తీరు వేరు. మీరు నా పక్కన కూర్చునే మనిషై, "నాకు తలనొప్పి వస్తుంది, సమావేశం ఉన్నరోజు తేకండి" అని ముఖం చూసి చెప్పి ఉంటే, ఆ రోజు నేను ఉత్త పప్పన్నమే తెచ్చుకునేదాన్ని. పేరు లేని మనవికి, అందులోనూ పదిమంది ముందు పెట్టినదానికి, నేను తలవంచను.

పక్కసీటు:
ముఖం చూసి చెప్పినప్పుడు నన్ను ఏమన్నారో పైన రాశాను. పేరు రాయకపోవడానికి భయం కూడా ఒక కారణం కావచ్చు. ఆ సందేశం రాసినవారు మీకు ఇల్లు ఇవ్వనివారిలాంటివారో, నాలాంటివారో మీకు తెలియదు.

ఎర్రకారం:
తెలియదు. అందుకే రేపు అదే బృందంలో నా పేరుతో అడుగుతాను. ఎవరికైనా ఆరోగ్య సమస్య ఉంటే నాకు విడిగా చెప్పండి, వారితో సమావేశం ఉన్నరోజు వెల్లుల్లి కారం తేను అని రాస్తాను. కారణం చెప్పకుండా ఊరికే వద్దంటే మాత్రం రోజూ తెస్తాను.

ప్రయోగశాల:
రక్తంలోంచి వచ్చే వాసన మర్నాటి దాకా ఉండవచ్చని చెప్పాను. ముందురోజు రాత్రి తిన్నా లెక్కలోకి వస్తుంది.

పక్కసీటు:
సమావేశం లేని రోజు పక్క కుర్చీలో పనిచేసేవారికి పడకపోతే? చోటు మారవలసింది ఎవరు? తలనొప్పి ఉన్నవారా, కారం తిన్నవారా? అది కూడా రాయండి.

ఎర్రకారం:
కారం తిన్నవారే మారతారు, అదీ రాస్తాను. రాత్రి మా ఇంట్లో ఏం తినాలో మాత్రం రాయను. భోజనాల గది తలుపు మీద వెల్లుల్లి వద్దని కాగితం అంటిస్తే చించేస్తాను.