అప్‌డేట్: నాయన హెర్నియా ఆపరేషన్, వెన్నులో మత్తు సూది

మా నాయనకు అనంతపురంలో హెర్నియా ఆపరేషన్ ఉంది, నడుములో మత్తు సూది వేస్తారంట, అది వెన్నుపాముకు గుచ్చుకుంటే కాళ్లు పడిపోవా అని అడిగాను కదా. ఆపరేషన్ అయిపోయింది, నాయన బాగున్నాడు, ఇంటికి కూడా వచ్చేశాం.

మత్తు డాక్టర్‌ను ముందే పట్టుకుని అడిగేశా. ఆయన నాయన వీపు మీదే వేలు పెట్టి చూపించాడు. పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్లే, మెదడు కింద మొదలై నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే మామూలుగా అయిపోతుంది, సూది వేసేది ఇంకా కిందికి, మూడో, నాలుగో పూసల మధ్య సందులో. తుంటి ఎముకల పైఅంచులను కలుపుతూ గీత గీస్తే దాదాపు ఆ చోటికే వస్తుంది, చేత్తో తడిమి వెతికింది అదే. అక్కడ ఉండేది తేటగా ఉండే ద్రవం, అందులో గుర్రం తోకలా వేలాడే నరాల వేర్లు, సూది తగిలినా చాలావరకు పక్కకు జరుగుతాయంట. రిస్క్ అసలు లేదని కాదు, చాలా అరుదు అన్నాడు.

నాకు వింతగా అనిపించింది ఇంకోటి. లోపల ఏదో లాగుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదన్నాడు నాయన. నొప్పి, చలి, వేడి మోసే సన్న నరాలు ముందు మొద్దుబారతాయంట, ఒత్తిడి, కదలిక మోసే లావువి తర్వాత.

సాయంత్రానికి బొటనవేలు కదిలించాడు, అప్పటిదాకా అమ్మ టిఫిన్ ముట్టలేదు.

లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుందేమో చూసుకోమన్నారు, సూది పడిన చోట ద్రవం కారితే అలా వస్తుందంట. ఇంతవరకూ రాలేదు.