ఈ వారం సమస్య: "చచ్చినట్టివాడు సభను నవ్వె"

పృచ్ఛకుడు:
నిన్న రాత్రి ఓ పాత ఇంగ్లీషు కామెడీ సీరియల్ వరసపెట్టి చూస్తూ కూర్చున్నా. జోకు పడీ పడగానే వెనకాల జనం గొల్లుమంటారు కదా, అది వింటుంటే ఈ పాదం దానంతటదే వచ్చి బుర్రలో కూర్చుంది, లేచి రాసుకునేదాకా వదల్లేదు. పూరణలన్నీ, అంటే ఈ పాదంతో ముగిసేలా మీరు రాసే పద్యాలన్నీ, మీరు ఈమధ్య చూసిన సినిమా మీదో టీవీ కామెడీ మీదో ఉండాలి. పోయినసారిలాగా పురాణాల్లోకి పారిపోవద్దు, ముందే చెప్తున్నా.

చచ్చినట్టివాడు సభను నవ్వె

పాతరీలు:
మీరు ఏ నవ్వు విని రాశారో దాని మీదే నా పూరణ.

పాత నవ్వు పెట్టె బంధించి దాచగా
నేటి కామెడీల నింపినారు;
ఎవరి నవ్వొ యేమొ? యేబదేళ్ళకు మున్ను
చచ్చినట్టివాడు సభను నవ్వె.

చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు 1950ల్లో ఒక పెట్టె తయారుచేశాడు. అందులో రకరకాల నవ్వులు టేపుల మీద ఉండేవి, మీటలు నొక్కితే కావాల్సిన నవ్వు వచ్చేది, ముసిముసి నవ్వుకొకటి, పగలబడి నవ్వడానికొకటి. అలా పట్టిన నవ్వుల్నే ఏళ్ళ తరబడి ఒక షో తర్వాత ఇంకో షోకి అతికించుకుంటూ పోయారు. ఇది తెలిశాక నాకు ఆ సీరియల్స్ చూస్తుంటే జోకు కంటే వెనకాల నవ్వే మనిషి మీదకే ధ్యాస పోతోంది, ఎవరో ఏమో, ఏ జోక్ విని నవ్వాడో ఏమో, ఇప్పుడు దేనికి నవ్వుతున్నట్టు వినపడుతున్నాడో.

తేటగీతి:
పాతరీలు గారూ, మొదటి పూరణతోనే తలుపులు మూసేశారు, ఇక మేమేం రాయాలి! "ఎవరి నవ్వొ యేమొ" దగ్గర నిజంగా ఒళ్ళు జలదరించింది.

గణగణ:
బాగుంది. లెక్క కూడా కుదిరింది, అప్పట్లో నవ్వినవాడు యాభై ఏళ్ళ కింద పోయుండొచ్చు. మూడో పాదం చివర "ళ్ళకు మున్ను" దగ్గర గణం చక్కగా విరిగింది, ఇలాంటివి ఇక్కడ చాలామందికి చేతకాదు, పేర్లు చెప్పను.

వలపలగిలక:
పేర్లు చెప్పక్కర్లేదు గణగణ గారూ, ఆ పేరు మోసేవాణ్ణి నేనే కదా. ఇదిగో పట్టండి. మొన్న చూసిన ఓ మూడు గంటల యాక్షన్ సినిమా మీద ఇది. సినిమా బాలేదు, చివరి రెండు నిమిషాలు మాత్రం బాగుంది.

మొదటి పాటలోనె మూతవడెను కన్ను
మూడు గంటలాయె ముగియలేదు
సీక్వెలుంద టంచు చెప్పిరి చివరిలో
చచ్చినట్టివాడు సభను నవ్వె.

పృచ్ఛకుడు:
హహహ, "సీక్వెలుంద టంచు"! ఈ మధ్య వచ్చే ప్రతి సినిమాకీ ఇదే జబ్బు. పేర్లన్నీ పడిపోయాక, జనం లేచి నిలబడ్డాక, చచ్చినోడు కళ్ళు తెరుస్తాడు. కథ ముగించడానికి ధైర్యం లేక చేసే పని అని నాకనిపిస్తుంది. పాత్ర చచ్చిపోతే మనకి బాధ కలగాలి, ఆ బాధని ఇంటికి తీసుకెళ్ళనివ్వాలి. లేస్తాడని ముందే తెలిస్తే ఇంక బాధేముంది?

గణగణ:
సీక్వెల్ సంగతి సరే. సభ ఎక్కడ? పద్యంలో పాటుంది, గంటలున్నాయి, సీక్వెలుంది, సభ మాత్రం లేదు. సమస్యలో మూడు మాటలుంటే మూడింటికీ జవాబు చెప్పాలి, "చచ్చినట్టివాడు నవ్వె" అని ఇచ్చుంటే మీకు మొదటి బహుమతి నేనే ఇచ్చేవాణ్ణి.
ఇంకోటి. పోయినసారి "ఏడిపించువాడె యెదను దోచె"కి నేను "కన్నుతుడుచుకొనుచు కామెడీ చూచితి" అని రాస్తే, ఒక కన్నే తుడుచుకున్నారా మాస్టారూ అని మూడు రోజులు నన్ను ఆడుకున్నారు. మీ హీరో కూడా ఒక కన్నే మూశాడు చూసుకోండి.

వలపలగిలక:
"కన్ను మూశాడు" అంటే పోయాడని పసిపిల్లాడికి కూడా తెలుసండీ, అది నుడికారం. "కన్ను తుడుచుకున్నాడు" అంటే మాత్రం నలక పడిందని అర్థం. రెండూ ఒకటెలా అవుతాయి? థియేటర్లో జనం ఉంటే అది సభ కాదా, మరేంటి?

గణగణ:
జనం సభ అయితే చచ్చినవాడు తెర మీద నవ్వాడు, సభలో నవ్వలేదు.

పాతరీలు:
ఇద్దరూ ఆగండి. గణగణ గారి పోయినసారి పూరణ నాకు గుర్తుంది, ఆ కామెడీ 'మ్యాష్' అని కూడా గుర్తుంది, చివరి భాగం గురించి మాట్లాడకుండా కన్ను దగ్గరే ఆగిపోయాం అప్పుడు. ఆస్పత్రిలో జరిగే కామెడీల్లో 'మ్యాష్'ని మించింది నేను చూళ్ళేదు. 1972 నుంచి 1983 దాకా వచ్చింది. ఛానల్ వాళ్ళు నవ్వుల టేపు పెట్టాల్సిందేనని పట్టుబట్టారు, సీరియల్ తీసేవాళ్ళకేమో ఇష్టం లేదు, చివరికి ఆపరేషన్ గది సీన్లలో మాత్రం నవ్వు పెట్టకుండా ఒప్పించుకున్నారు. డాక్టర్లు కత్తి పట్టుకుని జోకులేస్తారు, వెనక ఎవరూ నవ్వరు, ఆ జోకు ఎంత భయంలోంచి వస్తోందో అప్పుడు తెలుస్తుంది. గణగణ గారు కన్ను తుడుచుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఒకటైనా రెండైనా.

గణగణ:
ధన్యవాదాలు పాతరీలు గారూ. ఇన్నాళ్ళకి ఒకరు ఆ పద్యాన్ని చదివారు.

ప్రాసప్రియ:
ఒక్క మాట. వెనకాల వినపడే నవ్వులన్నీ పెట్టెలోవి కావు. 'ఫాల్టీ టవర్స్' అనే బ్రిటిష్ కామెడీ సీరియల్‌ని స్టూడియోలో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీశారు, 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే, మొత్తం పన్నెండు భాగాలు. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది, ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకుతుంది, ఒక్కోసారి నటుడు ఆగి మరీ అది తగ్గేదాకా చూస్తాడు. మీటతో వచ్చే నవ్వు అలా పాకదు, ఒక్కసారే వచ్చి ఒక్కసారే తెగిపోతుంది. కాబట్టి పాతరీలు గారి పద్యం అన్ని సీరియల్స్‌కీ అంటించకండి.

తేటగీతి:
అసలు ఏ నవ్వూ లేని కామెడీయే నాకిష్టం. పెట్టెలోదీ వద్దు, ప్రేక్షకులదీ వద్దు. ఈ వారం 'ది ఆఫీస్' మళ్ళీ మొదటి నుంచి చూశాను, 2001లో బీబీసీలో వచ్చిన అసలుది. అందులో బాసు జోకేస్తాడు, ఎవరూ నవ్వరు, ఆ నిశ్శబ్దం అలా సాగుతూనే ఉంటుంది, మనం దిండు ముఖానికి అడ్డం పెట్టుకోవాల్సిందే.

బాసు జోకు వేసె పనివారి యెదుటను
మౌనమొకటె యుండె మందిలోన
కెమెర వైపు చూసి కించిత్తు సిగ్గుతో
చచ్చినట్టివాడు సభను నవ్వె.

పృచ్ఛకుడు:
అబ్బ! అబ్బబ్బ! మూడో పాదం చివర "సిగ్గుతో" పెట్టి నా పాదం మొత్తాన్ని తిప్పేశారు. చావుని సిగ్గు చేసేశారు. నేను పాదం ఇచ్చినప్పుడు ఈ విరుపు ఊహించలేదు, నిజంగా.

వలపలగిలక:
ఇది పూరణంటే. సభ కూడా ఉంది, గణగణ గారు సంతోషిస్తారు.

గణగణ:
సభ ఉంది, సంతోషమే. కానీ "కించిత్తు సిగ్గుతో" ఎవడైనా చస్తాడా? కొంచెం సిగ్గుపడేవాడు తల గోక్కుంటాడు, చావడు. పద్యం బలమంతా ఆ చావులో ఉంటే దాని ముందు "కించిత్తు" పెట్టి మీరే గాలి తీసేశారు తేటగీతి గారూ. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో కలవడం కోసం, తెచ్చిన మాట అని చూడగానే తెలిసిపోతోంది.

తేటగీతి:
ఆ బాసు పాత్రే అంత కదండీ, లోపల చస్తున్నా పైకి కొంచెమే చూపిస్తాడు, టై సర్దుకుంటాడు, కెమెరా వైపు ఓ చూపు చూస్తాడు. "కించిత్తు" పైకి కనపడేది, "చచ్చినట్టి" లోపల జరిగేది.

గణగణ:
అది మీరు చెప్తే తెలిసింది, పద్యం చెప్పలేదు. "కెమెర వైపు చూసి కేవలం సిగ్గుతో" అనండి, యతీ చెడదు, చావూ నిలబడుతుంది.

ప్రాసప్రియ:
నాకు "కించిత్తు"నే ఉంచాలనిపిస్తోంది. ఆ షోలో పెద్ద పెద్ద ఏడుపులేం ఉండవు, అన్నీ కించిత్తులే. పై నుంచి నవ్వు అతికించి ఉంటే ఆ కించిత్తులన్నీ కొట్టుకుపోయేవి. "పనివారి" మాత్రం మార్చండి, ఆఫీసు స్టాఫుని పనివారంటే ఇంకో అర్థం వస్తోంది.

ఇక నాది. మాటల సినిమాలు వచ్చేసి ప్రపంచమంతా మాట్లాడుతున్న రోజుల్లో, 1931లో, చాప్లిన్ మాటల్లేకుండానే 'సిటీ లైట్స్' తీశాడు, సంగీతం కూడా తనే కట్టాడు. మొన్న పెద్ద తెర మీద చూసే అవకాశం వచ్చింది. చివరి సీన్‌లో చూపు వచ్చిన పూలమ్మాయి అతన్ని చేతి స్పర్శతో గుర్తుపడుతుంది, అతను చేతిలో పువ్వు పట్టుకుని నవ్వుతాడు. 1977లో పోయిన మనిషి హాలంతటి ముందూ నవ్వుతుంటే ఈ పాదం నాకు సమస్యలా అనిపించలేదు, ఉన్నమాటలా అనిపించింది.

మాట లేని బొమ్మ మనసార చూచితి
పూవు చేతబట్టి పొంగిపోయి
హాస్యప్రియుల నడుమ హాయిగా తెరపైన
చచ్చినట్టివాడు సభను నవ్వె.

పాతరీలు:
ఏం చెప్పను. ఆ నవ్వు నవ్వో ఏడుపో ఇప్పటికీ నాకు తెలీదు. అతను సంతోషపడుతున్నాడా, ఆమె నిరాశపడుతుందేమోనని భయపడుతున్నాడా, రెండూ ఒకే ముఖంలో ఉన్నాయి. కథని అక్కడ ఆపేయడం ఎంత గొప్ప తెగువ! పైన సీక్వెల్ గోల చదివాక ఇది ఇంకా తెలుస్తోంది.

గణగణ:
భావానికి నమస్కారం పెట్టి చెప్తున్నా, మూడో పాదం మొదటి గణం పోయింది. "హాస్యప్రియుల" సమాసం. ప్రి ముందున్న స్య గురువు. రెండు గురువులు వచ్చాయి.

ప్రాసప్రియ:
హాస్య అని ఆగి, ప్రియుల అని చదవండి, సరిపోతుంది.

గణగణ:
సమాసంలో ఎలా ఆగుతారండీ? పోనీ మీ పేరే పలికి చూడండి. ప్రాసప్రియ. "స" దగ్గర ఒత్తు పడుతోందా లేదా? ఇన్నేళ్ళుగా ఆ గురువుని పేరులో పెట్టుకుని తిరుగుతున్నారు.

వలపలగిలక:
ఇది మాత్రం ఒప్పుకోవాలి, గణగణ గారు ఈ వారం మొత్తంలో ఒక మంచి మాట అన్నారు.

పృచ్ఛకుడు:
"హాస్యమెరుగువారి హాయికై తెరపైన" అంటే? గణం కుదురుతుంది, యతి ఉంటుంది, భావం ఎక్కడికీ పోదు.

ప్రాసప్రియ:
బాగుంది, అదే ఉంచండి. నాకు ఆ పువ్వున్న పాదం మిగిలితే చాలు.

గణగణ:
ఇప్పుడు నా వంతు. సభ సభ అని నేనే అడిగాను కాబట్టి అసలు సభనే తెచ్చాను.

చిత్రగుప్తు డేమొ చిట్టాను మరచెను
యముడు తెల్లబోయె హా! యటంచు
తప్పు పేరు చదివి తలవంచె భటుడంత
చచ్చినట్టివాడు సభను నవ్వె.

వలపలగిలక:
పురాణాల్లోకి పారిపోవద్దని మొదట్లోనే చెప్పారు. ఇది నేరుగా యమలోకం. పృచ్ఛకుడు గారూ, ఇది చెల్లుతుందా?

గణగణ:
ఏ పురాణంలో యముడు తెల్లబోయాడో చూపించండి. యముణ్ణి తెల్లబోయేలా చేసింది తెలుగు సినిమా. 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', రెంటిలోనూ సత్యనారాయణే యముడు, అల్లు రామలింగయ్యే చిత్రగుప్తుడు. ఈ వారం రెండూ మళ్ళీ చూశాను. సత్యనారాయణ గారి గొప్పతనం ఏంటంటే ఆయన ఎక్కడా కామెడీ చెయ్యడు, కిరీటం బరువు, గొంతు బరువు అన్నీ పౌరాణికంలో ఉన్నట్టే ఉంచి నిజంగానే కోపగించుకుంటాడు, అందుకే మనకి నవ్వొస్తుంది. యముడే జోకర్ వేషాలు వేస్తే నవ్వేదేముంది? ఈమధ్య వచ్చే కామెడీల్లో ప్రతివాడూ తను కామెడీ చేస్తున్నానని ముందే మొహం పెట్టేస్తున్నాడు, వెనకాల ఆ టింగుమనే సౌండొకటి. అది కూడా పాతరీలు గారి పెట్టె లాంటిదే, ఎక్కడ నవ్వాలో మనకి చెప్తోంది.

తేటగీతి:
ఇది నిజం. నటుడు సీరియస్‌గా ఉంటేనే నవ్వు మనది అవుతుంది. నా బాసు కూడా తను గొప్పగా జోకేశాననే అనుకుంటాడు పాపం.

పృచ్ఛకుడు:
చెల్లుతుంది. సినిమా సభే. య, హ యతి కూడా దర్జాగా వేశారు.

వలపలగిలక:
యతి బాగుంది. "చిత్రగుప్తు డేమొ"లో ఆ "ఏమొ" ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పండి. చిట్టా మరిచాడా లేదా? గణం నింపడానికి పెట్టిన మాట. "కించిత్తు"ని అంతసేపు ఉతికినవారు దీన్ని వదిలేయమంటే ఎలా? సరే, సభ లేదన్నారుగా, నాది రెండోది.

తెరను కూలెనంట తీరని గాయాల
నేడ్చి వచ్చినార మింటిదాక
సక్సెసయ్యెనంచు సంబరమున నాడు
చచ్చినట్టివాడు సభను నవ్వె.

పృచ్ఛకుడు:
ఆహా! ఇప్పుడు సభ వచ్చింది, మైకు వచ్చింది, పూలదండ వచ్చింది!

గణగణ:
రెండో పాదం "నేడ్చి" అని మొదలైంది. పై పాదం చివరి ద్రుతం, అంటే ఆ నకారం, దిగి వచ్చింది, సరే, యతికి ఏ, ఇ సరిపోయాయి. మొదటి దానికంటే చాలా నయం. "కూలెనంట" ఎందుకు, మీరు చూసి ఏడ్చి వచ్చారు కదా, కళ్ళతో చూసినవాడు "అంట" అనడు.

వలపలగిలక:
ఏడుస్తుంటే సరిగ్గా కనపడలేదు మాస్టారూ. రెండు కళ్ళూ తుడుచుకుంటున్నా.

పాతరీలు:
ఆ సినిమా పేరు చెప్పండి, చూస్తాను.

వలపలగిలక:
ఇప్పుడు పేరు చెప్తే హీరో పోతాడని చెప్పేసినట్టే కదండీ. విడిగా చెప్తా.