బలేనో ఆర్‌ఎస్ ట్రాక్‌కి: ముందు ఇంటర్‌కూలరా, రీమ్యాపా?

అన్నలూ, మాది పర్లాకిమిడి, నా దగ్గర 2017 బలేనో ఆర్‌ఎస్ ఉంది, అదే 998 సీసీ బూస్టర్‌జెట్ టర్బోది. చలికాలంలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్దామని ప్లాన్. ఇక్కడ మా మెకానిక్ బాబాయికి టర్బో అంటే బొలేరోయే, ఆయన్ని అడిగి లాభంలేదు. రోడ్డు మీద బండి సూపర్, కానీ ఏ టర్బో అయినా వరసగా గట్టిగా లాగితే లోపలికెళ్ళే గాలి వేడెక్కి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి తీసేస్తుంది, పవర్ పడిపోతుంది కదా, మన ఎండలకి ఇంకా ఎక్కువ, అందుకే పెద్ద ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) ముందేసి తర్వాత స్టేజ్ వన్ రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో మొదటి స్థాయి మార్పు) చేయించాలా లేక రెండూ ఒకేసారా? ట్యూనర్ ఒకాయన బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచితే చాలంటున్నాడు, నాకైతే నమ్మకం లేదు. ఇంకోటి, 100 ఆక్టేన్ పెట్రోల్‌కి మ్యాప్ చేయించి ఇంటిదగ్గర ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టడం) వస్తుందా? బ్రేక్ ప్యాడ్లు, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ ఎలాగూ మారుస్తున్నా. నిజంగా ట్రాక్ మీద తిప్పినోళ్ళే చెప్పండి ప్లీజ్.